తుపాకులు ఆగాక అర్జీదారుడి సంగతేమిటి?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన సంపాదకీయం గురించి ఈ ఉత్తరం. 2026 మార్చి 31 లోగా మావోయిజం లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి పెట్టిన గడువు గురించి రాశారు. తుపాకులు ఆగాక మన్యానికి కావలసింది రోడ్లు, సెల్ టవర్లు, బ్యాంకులు అన్నారు. నేపాల్‌ని చూడండి, పదేళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఒప్పందం చేసుకుని పార్లమెంటులో కూర్చున్నారు అని కూడా అన్నారు. రోడ్లు వద్దని నేనూ అనను. సీతంపేట కొండల మీద నుంచి పురిటి మనిషిని డోలీలో మోసుకొచ్చిన రోజులు చూసినవాణ్ణి. కానీ మీ సంపాదకీయంలో ఒక మనిషి ఎక్కడా కనపడలేదు. "మా వాణ్ణి ఏం చేశారు? మా భూమి ఎవరి పేర ఉంది?" అని కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. అతనికి తోడు వెళ్ళే వకీలు, మేస్టారు, విలేకరి, సంఘం మనిషి. పోరాటం నడిచేటప్పుడు వీళ్ళకి ప్రమాదమే. అది ఆగాక ఆ ప్రమాదం పోతుందని మీరు అనుకున్నట్టున్నారు. పోదు. అది చెబుదామనే రాస్తున్నాను.

నేను జాబ్ టైపిస్టుని. పాలకొండ కోర్టు బయట బల్ల వేసుకుని, ఒక ఇంగ్లీషు మిషను, ఒక తెలుగు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా కొట్టాను. అప్పట్లో అదంతా శ్రీకాకుళం జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. ఇప్పుడు శ్రీకాకుళంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నాకు రాజకీయాలు లేవు. ఏ సంఘంలోనూ చేరలేదు. రెండు పక్షాల కాగితాలూ కొట్టి రెండు పక్షాల దగ్గరా డబ్బులు పుచ్చుకున్నవాణ్ణి. అందుకే ఏ కాగితం వెనక ఏం జరుగుతుందో నాకు కొంచెం తెలుసు.

మన జిల్లా సంగతి కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ కేసు ముద్దాయిలు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత గిరిజనులు ఆయుధాలు పట్టారు, శ్రీకాకుళ పోరాటం సంగతి లోకానికి తెలుసు. 1970 జులై 10న దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోవడంతో పోరాటం దాదాపు ఆగిపోయింది. వందమందికి పైగా ముద్దాయిలతో పార్వతీపురం కుట్ర కేసు నడిచింది. నేను అప్పటికి పిల్లాణ్ణి. పోలీసు క్యాంపులు, సాయంత్రమయ్యేసరికి తలుపులు వేసుకోవడం, ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తున్నాయి.

పోరాటం ఇంకా నడుస్తుండగానే, 1970 ఫిబ్రవరిలో, ప్రభుత్వం 1/70 చట్టం తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్ళకూడదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, కాదని అతను రుజువు చేసుకుంటే తప్ప, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే లెక్క. చాలా మంచి చట్టం. కానీ చట్టం తనంతట తాను నడిచి ఊళ్ళోకి రాదు కదా. ఎవడో ఒకడు వెళ్ళి అర్జీ పెట్టాలి. ఆ ఎవడో ఒకడి గురించే నా బాధ.

ఒకాయన సంగతి చెబుతాను. సవర తెగ గిరిజనుడు, రైతు. వాళ్ళ ఊరి మేస్టారు వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. మేస్టారిది మాలాగే మైదాన ప్రాంతం. తాతనాటి పల్లపు భూమి, బియ్యం, ఉప్పు అప్పు కింద షావుకారి చేతిలోకి పోయింది. నేను నాలుగు కాపీలు పెట్టి కొట్టాను. పెద్దాయన స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, కాగితం మీద పెట్టే ముందు ఒకసారి మేస్టారి మొహం చూశాడు. నాలుగు కాపీల మీదా వేలిముద్రలు పడ్డాక వేలు తలకి రాసుకుని తుడుచుకున్నాడు. ఒక కాపీ ఆయన చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. "నాకేటికి బాబూ, కాయితం నీ కాడే ఉండనీ. ఇంటికాడుంటే ఎవులో సింపీసెల్తారు" అన్నాడు.

అర్జీ నంబరయింది. ఎదటి పార్టీకి నోటీసు వెళ్ళింది. నోటీసులో మొదటి పేజీలోనే అర్జీదారుడి పేరు, తండ్రి పేరు, ఊరు, పంచాయతీ అన్నీ ఉంటాయి. చట్టప్రకారం ఉండాలి కూడా. ఆ నోటీసు అందిన కొద్దిరోజులకే ఆయనకి ఊళ్ళో అప్పు పుట్టడం ఆగిపోయింది. చింతపండు, అడ్డాకులు కొనే సంతలో ఆయన సరుకు ఎవరూ కాటా పెట్టలేదు. ఆ తర్వాత కలప కొట్టాడని కేసు. దాని బెయిలు పిటిషను కూడా నేనే కొట్టాను. మేస్టారి మీద ఆకాశరామన్న ఉత్తరాలు వెళ్ళాయి, బడికి సరిగ్గా రావడం లేదని, అన్నలతో సంబంధాలున్నాయని. ఆయన్ని దూరంగా బదిలీ చేశారు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, చంపలేదు. లా అండ్ ఆర్డరు బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ తర్వాత చాలాకాలం ఆ పంచాయతీ నుంచి నా బల్ల దగ్గరికి భూమి అర్జీ రాలేదు.

ఇప్పుడు నేపాల్‌కి వద్దాం. మీరే ఉదాహరణ ఇచ్చారు కాబట్టి. ప్రభుత్వానికీ మావోయిస్టులకీ మధ్య 1996 ఫిబ్రవరిలో మొదలైన ఆ యుద్ధం 2006 నవంబరు 21న ఒప్పందంతో ఆగింది. చనిపోయినవాళ్ళు దాదాపు 17,000 మంది. ఆచూకీ లేనివాళ్ళు 1,300 మందికి పైగా. కాభ్రే జిల్లాలో దేవి సునువార్ అనే ఆవిడ తన మేనకోడల్ని సైనికులు చంపడం కళ్ళారా చూసింది, ఆ మాట బయటికి చెప్పింది. 2004 ఫిబ్రవరి 17న సైనికులు ఆవిడ కోసం ఇంటికి వచ్చారు. ఆవిడ లేదు. పదిహేనేళ్ళ కూతురు మైనాని పట్టుకెళ్ళారు. పంచ్‌ఖాల్ క్యాంపులో చిత్రహింసలు పెడితే ఆ పిల్ల చనిపోయింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకి శిక్షణ ఇచ్చే చోటది. సైనిక కోర్టు 2005లో ముగ్గురు అధికారులకి ఆరు నెలలు వేసి, అది అప్పటికే అనుభవించేశారని వదిలేసింది. తల్లి ఊరుకోలేదు. 2007లో ఎముకలు తవ్వి తీశారు. 2017 ఏప్రిల్‌లో కాభ్రే జిల్లా కోర్టు ముగ్గురికి యావజ్జీవం వేసింది, వాళ్ళు కోర్టుకి రాకుండానే. ఈ కేసులో ముద్దాయిగా ఉన్న నాలుగో అధికారి ఆమధ్య చాద్ దేశంలో శాంతి దళంలో డ్యూటీ చేస్తుంటే, గొడవయి 2009లో వెనక్కి పంపారు. ఆయన మీద కేసు తర్వాత కొట్టేశారు. మాట చెప్పినందుకు తల్లి చెల్లించిన ధర ఇది. ఇందులో సగం కథ యుద్ధం ఆగిన తర్వాతదని గమనించండి.

ఇది సైన్యం చేసింది. మావోయిస్టులు చేసిందీ చెప్పాలి, లేకపోతే నన్ను ఒక పక్షం వాడనుకుంటారు. దైలేఖ్ జిల్లాలో దేకేంద్ర థాపా అనే విలేకరి, మానవ హక్కుల పనీ చేసేవాడు. 2004లో మావోయిస్టులు ఎత్తుకుపోయి చంపారు. ఒప్పందం అయిన తర్వాత, 2008లో, భార్య ఫిర్యాదు ఇచ్చింది. 2013 జనవరి దాకా అరెస్టులు లేవు. అరెస్టులు జరిగేసరికి ప్రధాని కుర్చీలో మావోయిస్టు నాయకుడే, బాబూరాం భట్టరాయ్ ఉన్నారు. ఈ కేసు వల్ల శాంతి ప్రక్రియ దెబ్బతింటుందన్నట్టు మాట్లాడారాయన. విచారణ జరపాలని రోడ్డెక్కిన దైలేఖ్ విలేకరులకి బెదిరింపులొచ్చాయి. చాలామంది జిల్లా వదిలి పోవాల్సి వచ్చింది. అప్పటికి ఒప్పందమై ఆరేళ్ళు దాటింది. యుద్ధంలో విలేకరిని చంపితే ప్రపంచమంతా చూసేది, బయటి పరిశీలకులు వచ్చేవారు. శాంతి వచ్చాక చంపినవాడూ, ఫిర్యాదు చేసినవాడూ ఒకే బజారులో ఎదురెదురు పడతారు. మొదటివాడి చేతిలో ఇప్పుడు పార్టీ జెండా, కాంట్రాక్టు, ఒక్కోసారి మంత్రి పదవి కూడా ఉంటాయి. రెండోవాడి దగ్గర పాత కాగితమే ఉంటుంది.

గోర్ఖా జిల్లావాళ్ళు నందప్రసాద్ అధికారి, గంగామాయ దంపతులు. కొడుకుని 2004లో చిత్‌వన్‌లో చంపారు. న్యాయం కావాలని ఖాట్మండులో కూర్చుంటే 2013లో వాళ్ళని తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పెట్టారు. మళ్ళీ దీక్షకి దిగారు. దాదాపు 11 నెలల నిరాహారం తర్వాత 2014 సెప్టెంబరు 22న ఆయన బీర్ ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. న్యాయం జరిగేదాకా దహనం చేయనని ఆవిడ పట్టుబట్టింది. కొడుకు హత్య గురించి అడిగిన తల్లిదండ్రులకి మతి చలించిందని అనగలిగారంటే, అది శాంతి ఒప్పందం అమల్లో ఉన్న దేశంలోనే. సత్యశోధన కమిషన్, అదృశ్యమైనవాళ్ళ కమిషన్ 2015లో వేశారు. మొదటిదానికి 63,000 పైచిలుకు ఫిర్యాదులు వచ్చాయి. చట్టాన్ని సరిచేసేసరికి 2024 ఆగస్టు అయింది. ఆ ఫిర్యాదుల్లో ఒక్కోదాని కింద ఒక్కో సంతకమో వేలిముద్రో ఉంటుంది. ఈ తొమ్మిదేళ్ళూ వాళ్ళెలా బతికారో ఎవరికి పట్టింది?

నేపాల్ దాకా ఎందుకు, మన తెలుగు నేల మీదే చూడండి. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. పౌరహక్కుల సంఘం మనిషి కావడమే ఆయన నేరం. ఆ సంఘానికి చెందిన పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హత్యకి గురయ్యారు. లెక్కల ప్రొఫెసరు బాలగోపాల్ గారు పోలీసు ఎన్‌కౌంటర్లనీ ప్రశ్నించారు, ఇన్‌ఫార్మరని ముద్ర వేసి నక్సలైట్లు చంపడాన్నీ ప్రశ్నించారు. ఇటువైపు వాళ్ళకీ అటువైపు వాళ్ళకీ కంటగింపయ్యారు. ఇలాంటివాళ్ళ రక్షణ రాజ్యాల బాధ్యత అని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం చేసింది 1998 డిసెంబరు 9న. అంటే పై వరసలో రెండు హత్యలు ఆ తీర్మానం తర్వాతవే.

విశాఖ మన్యంలోని వాకపల్లి ఆడవాళ్ళ గురించి కూడా రాయకుండా ఉండలేను. 2007 ఆగస్టు 20న తమ మీద అత్యాచారం జరిగిందని 11 మంది కోందు తెగ స్త్రీలు, నక్సలైట్ల వేటకి పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు ముద్దాయిల్ని వదిలేసింది. అయితే దర్యాప్తు సరిగ్గా చేయలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇమ్మంది. ఈలోగా వాళ్ళలో ఇద్దరు చనిపోయారు. పదిహేనేళ్ళు పైబడి, వాయిదా అన్నప్పుడల్లా కొండ దిగి వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళని ఒంటరిగా వదలని మానవ హక్కుల వేదిక మనుషులూ ఉన్నారు. దర్యాప్తు పాడయిందని కోర్టే అన్నాక, పాడుచేసిన వాళ్ళనేం చేశారని మీ పత్రిక అడిగిందా?

అడవి సంగతులే కదా అనుకునేవాళ్ళకి ఒక్క మాట. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ఇద్దరు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. బీల అనే చిత్తడి భూముల గురించి ఆ జనం అర్జీల్లో మొత్తుకున్నదే నిజమైంది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. రెండు చోట్లా అర్జీలు పెట్టినవాళ్ళ మీదే కేసులు పడ్డాయి, ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగారు. ఇక్కడ ఏ దళమూ లేదు, తుపాకీ పోలీసుల చేతిలోనే ఉంది.

మరి ఏం చేయాలి అంటారు. కొలంబియా అనే దేశంలో 2016లో ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకీ ఒప్పందం అయింది. ఆ తర్వాత అక్కడ ఊరి నాయకుల్ని, భూమి అడిగినవాళ్ళని వందల సంఖ్యలో చంపారు. గెరిల్లాలు ఖాళీ చేసిన చోటుకి గంజాయి, కొకైన్, బంగారు గనుల ముఠాలు దిగాయి కదా. అక్కడ ప్రమాదంలో ఉన్నవాళ్ళకి కాపలా ఇచ్చే ప్రభుత్వ శాఖ ఒకటి 2011 నుంచీ ఉంది. బులెట్‌ప్రూఫ్ చొక్కా, సెల్‌ఫోను, మరీ ప్రమాదమైతే కారు, గార్డులు ఇస్తారు. సిగ్నల్ లేని ఊళ్ళో ఆ సెల్‌ఫోను దేనికి? ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే 2023లో, ఇది రాజ్యాంగం సహించే పరిస్థితి కాదని తేల్చి చెప్పింది. నాకు నచ్చింది మాత్రం అక్కడి కౌకా ప్రాంతపు ఆదివాసీల పద్ధతి. వాళ్ళకి సొంత కాపలా దళం ఉంది. చేతిలో కర్ర తప్ప తుపాకీ ఉండదు. ఒకణ్ణి ఎత్తుకుపోతే ఊరంతా కదిలి వెనక పడతారు. మన సవరలూ, జాతాపులూ గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసుకి పదిమంది కలిసి రావడం నేను చూశాను. ఒక్క పేరున్న అర్జీకీ, నలభై వేలిముద్రలున్న అర్జీకీ తేడా నా బల్ల దగ్గరే తెలిసేది. మొదటిదాన్ని కొట్టించుకున్నవాడు కేసులో ఇరుక్కునేవాడు, రెండోదానికి ఆఫీసరు కుర్చీలోంచి లేచి బయటికొచ్చేవాడు. అలాంటి ఉమ్మడి అర్జీ వచ్చినప్పుడు, "మొదటి సంతకందారు ఎవడు?" అని ముందు పోలీసులు కూపీ లాగడం మానితే అదే సగం రక్షణ.

మన దగ్గర చట్టం అసలే లేదా అంటే, ఉంది ఒకటి. సాక్షుల రక్షణ పథకం. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆమోదించింది. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 398 సెక్షన్ కూడా రాష్ట్రాలు ఇలాంటి పథకం పెట్టాలంటోంది. జిల్లా జడ్జి గారు అధ్యక్షులుగా కమిటీ, జిల్లా పోలీసు అధికారి సభ్యుడు. అర్జీ పెట్టుకుంటే ఎంత ప్రమాదం ఉందో నివేదిక తెప్పించుకుని కాపలా, ఇల్లు మార్పించడం, పేరు గోప్యంగా ఉంచడం వరకూ చేయొచ్చు. వినడానికి బాగుంది. కానీ ఆ నివేదిక రాసేది సబ్‌డివిజన్ డీఎస్పీ. భయం పోలీసుల వల్లే అయితే? కంచే చేను మేస్తున్నప్పుడు చేను ఎంత పోయిందో కంచెనే అడిగినట్టు. పైగా ఇది సాక్షులకి. కేసు కట్టనే లేదు, ఎఫ్ఐఆర్ కోసమే స్టేషను ముందు కూర్చున్నాడు, లేదా భూమి అర్జీ పెట్టాడు, అలాంటివాడు ఏ కేసులో సాక్షి? అవినీతి బయటపెట్టినవాళ్ళ రక్షణకి 2014లో పార్లమెంటు చట్టం చేసింది, దాన్ని ఇంతవరకూ అమల్లోకి తేలేదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ని 2021లో కర్నూలులో పెట్టారు. ఇచ్ఛాపురం మనిషి ఫిర్యాదు పట్టుకుని కర్నూలు పోవాలంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకి. పోస్టులో పంపొచ్చు, నిజమే. ఒకసారి వాళ్ళే శ్రీకాకుళం వచ్చి నాలుగు రోజులు కూర్చుంటే ఎంతమంది వస్తారో చూడమనండి.

ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ 2011లో అంతర్యుద్ధం ఆగిన మూడేళ్ళకే, 2014లో, హక్కుల రక్షకుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. మనకంటే చాలా చిన్న దేశం. మన అసెంబ్లీకి అది చేతకాని పనేమీ కాదు. లొంగిపోయిన మావోయిస్టుకి తల మీద ఎంత రివార్డు ఉంటే అంతా అతనికే ఇస్తున్నారు. ఇవ్వనీయండి, మంచిదే, వాళ్ళూ బతకాలి. తుపాకీ పట్టకుండా ఊళ్ళోనే ఉండి, చట్టాన్నే నమ్ముకుని అర్జీ పెట్టినవాడికి కనీసం ఒక హామీ ఉండాలి కదా. ప్రమాదం గురించి నివేదిక పోలీసులు కాకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ రాయాలి, అర్జీ పెట్టిన తర్వాత అర్జీదారుడి మీద కొత్త కేసు పడితే దాన్ని జిల్లా జడ్జి గారి దృష్టికి తప్పనిసరిగా తేవాలి. ఈ రెండూ పెడితే ఆ సవర రైతు మీద కలప కేసు పెట్టేముందు ఎవరైనా ఒకసారి ఆలోచించేవారు.

చివరగా మీ పత్రిక గురించి, కోప్పడకండి. ఫిర్యాదులు తీసుకునే రోజున (ఇదివరకు స్పందన అనేవారు) కలెక్టరేట్ ముందు నిలబడ్డ అర్జీదారుడి ఫొటో వేస్తారు. పేరు, ఊరు, మండలం, ఒక్కోసారి వీధి కూడా. ఎవరి మీద ఫిర్యాదో మాత్రం "ఓ నాయకుడు", "ఓ అధికారి" అని రాస్తారు. పరువునష్టం దావా భయం, నాకు తెలుసు. నేపాల్ మానవ హక్కుల కమిషన్ 2020 అక్టోబరులో ఏం చేసిందో తెలుసా? ఇరవై ఏళ్ళలో తాము చర్య తీసుకోమని సిఫారసు చేసినా ప్రభుత్వం వదిలేసిన 286 మంది పేర్లు బయటపెట్టింది. అంత ధైర్యం మీనుంచి అడగను. కనీసం తగువు పెద్దవాళ్ళతో ఉన్నప్పుడు అర్జీదారుడిని అడిగి, వద్దంటే పేరూ ఊరూ తీసేసి వేయండి. దాని బదులు ఆ అర్జీ ఏ తేదీన ఏ ఆఫీసులో ఇచ్చారు, ఇన్ని నెలలయినా ఏ హోదా అధికారి దగ్గర ఆగింది అన్నది రాయండి. ఆరు నెలలకోసారి అదే అర్జీ మీద మళ్ళీ రాయండి. పత్రికవాడు గుర్తుపెట్టుకున్నాడని తెలిస్తే ఎదటివాడికి టెన్షన్ ఉంటుంది.

నా పేరు, చిరునామా మీ రికార్డు కోసం కవరులో విడిగా రాసి పెట్టాను. అచ్చులో వేయొద్దు, మా చుట్టాలు ఇంకా అటువైపే ఉన్నారు. ఆ సవర రైతు ఊరి పేరు కవరులో కూడా లేదు. మీ విలేకరి వచ్చి అడిగినా చెప్పను, ఆయన మనవలు ఆ భూమి మీద మళ్ళీ అర్జీ పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక పాత జాబ్ టైపిస్టు,
శ్రీకాకుళం